తాబేలు, తెప్ప, తీరం

1

సముద్రపు తాబేళ్ళను రక్షించాలి అన్న మాట వినగానే మన మిత్రుల్లో కొందరికి నవ్వొస్తుంది. జాలరివాడికే దిక్కులేని దేశంలో తాబేలుకు సంరక్షకులు బయలుదేరారా అంటారు. ఈ వెటకారంలో న్యాయం బొత్తిగా లేదని చెప్పలేం. కడుపు నిండినవాళ్ళ జీవకారుణ్యం పేదవాడి నోటిదగ్గరి కూడు తీసేసిన సందర్భాలు మన చరిత్రలో చాలా వున్నాయి. అయినా నవ్వి వూరుకోవటం విమర్శ అనిపించుకోదు. మనం నవ్వి వదిలేసిన ప్రశ్నకు ఇతరులు జవాబు చెపుతారు. ఆ జవాబు మన జాలరిపేటల మీదికి వస్తుంది.

వస్తూనే వున్నది కూడా. చేపలు పట్టేవాళ్ళు తెలివితక్కువవాళ్ళు, వాళ్ళ వలల్లో పడి తాబేళ్ళు చస్తున్నాయి, కాబట్టి వాళ్ళను కట్టడి చెయ్యాలి - ఇదీ దాని సారాంశం. మొదటివాళ్ళు మనిషి పక్షాన నిలబడి తాబేలును కాదంటారు. రెండోవాళ్ళు తాబేలు పక్షాన నిలబడి మనిషిని కాదంటారు. కాని ఇద్దరూ ఒప్పుకుంటున్న మాట ఒకటున్నది: తాబేలుకూ జాలరికీ మధ్య వైరం వున్నదని. పరీక్షించవలసింది ఆ మాటనే.

ఆ పరీక్షకు రుషికొండ తగిన చోటు. ఒక పక్క కొండ, ఒక పక్క సముద్రం, మధ్య కాస్త ఇసుక. ఓడరేవు, మరబోట్ల వర్తకం, విహార వ్యాపారం - ఈ మూడూ ఒకదాని తర్వాత ఒకటి గడచిన తొంభై ఏళ్ళలో విశాఖ తీరం మీదికి వచ్చాయి. ఆ మూడింటి మధ్య తాబేలూ తెప్పా ఎలా నలిగాయో చూస్తే, ఎవరు ఎవరికి శత్రువో తేలుతుంది.

2

విశాఖపట్నం నుంచి ఉత్తరంగా భీమునిపట్నం దాకా ఒడ్డు వెంబడి నడిస్తే పెద్ద జాలరిపేట, వాసవానిపాలెం, జోడుగుళ్ళపాలెం, రుషికొండ, మంగమారిపేట, చేపల ఉప్పాడ తగులుతాయి. ఈ పేటల్లో, పాలేల్లో వేటమీద బతికేవాళ్ళు ఎక్కువగా జాలరులు, వాడబలిజలు. తెప్పలూ నావలూ లాగిపెట్టుకోవటానికి, వలలు ఆరబెట్టి బాగుచేసుకోవటానికి, నెత్తళ్ళూ కవళ్ళూ ఎండబెట్టటానికి వాళ్ళకు ఆ ఇసుకే పనిచేసే చోటు. రైతుకు కళ్ళం ఎలాంటిదో వీళ్ళకు ఇసుక అలాంటిది. తేడా ఒక్కటే. రైతు కళ్ళానికి పట్టా చూపించగలడు. వీళ్ళు తరతరాలుగా వాడుకున్న ఇసుకకు చూపించటానికి కాగితం లేదు.

చలికాలంలో అదే ఇసుకకు మరొక జీవి వస్తుంది. శాస్త్రజ్ఞులు దాన్ని ఆలివ్ రిడ్లే తాబేలు అంటారు. డిసెంబరు, జనవరి మొదలు ఏప్రిల్ దాకా ఆడతాబేలు రాత్రివేళ ఒడ్డుకు పాకివచ్చి, వెనక కాళ్ళతో మూరెడు లోతు గుంట తీసి, 100 నుంచి 120 దాకా గుడ్లు పెట్టి, ఇసుక కప్పి వెళ్ళిపోతుంది. 45 నుంచి 60 రోజుల్లో ఇసుక వేడికే పిల్లలు పుడతాయి. పుట్టేది ఆడదో మగదో కూడా ఆ వేడే నిర్ణయిస్తుంది. ఇసుకలోనుంచి బయటపడ్డ పిల్ల ఎటు వెలుతురు వుంటే అటు పోతుంది. చీకటి రాత్రిలో సముద్రం మీది ఆకాశమే వెలుతురుగా వుంటుంది కనక అది నీళ్ళు చేరుతుంది. కుక్కలు, నక్కలు, కాకులు, పీతలు, చేపలు తినగా 1,000 పిల్లల్లో ఒకటి పెరిగి పెద్దదవుతుందని అంచనా. అలా మిగిలిన ఆ ఒక్కటి గుడ్లుపెట్టే వయసుకు రావటానికి పదేళ్ళకు పైగా పడుతుంది.

ఈ లెక్కలో ఒక సంగతి వున్నది. నాలుగు గుడ్లు పోతే ప్రకృతి ఆ నష్టాన్ని ముందే లెక్కలో వేసుకున్నది. ఎదిగిన తాబేలు చస్తే మాత్రం ఎన్నో ఏళ్ళ పంట ఒక్కసారిగా పోయినట్టు. కాబట్టి తాబేలుకు ఎవరు ఎంత కీడు చేశారని అడిగేటప్పుడు గుడ్డు తిన్నవాడినీ, పెద్దదాన్ని చంపేదాన్నీ ఒకే తాటిమీద నిలబెట్టకూడదు.

మొత్తంమీద తాబేలుకు కావలసినవి మూడు: ఒడ్డున ఇసుక, రాత్రి చీకటి, ఒడ్డుకు దగ్గరి నీళ్ళలో ఊపిరి తీసుకోవటానికి పైకి వచ్చే వీలు. తెప్పమీద వేటకుపోయే మనిషికి కావలసినవీ దాదాపు ఇవే: పనిచేసుకోవటానికి ఇసుక, తనదనే ఒడ్డు, పెద్ద వలలు దున్నిపారెయ్యని దగ్గరి సముద్రం. ఇద్దరి అవసరాలూ ఒకటైనప్పుడు వాటిని హరించేవాళ్ళు కూడా ఒకరే అయివుండటంలో ఆశ్చర్యం లేదు.

3

అలాగని పూర్వం అంతా సామరస్యమేనని చెప్పటం చరిత్ర అనిపించుకోదు. తీరగ్రామాల్లో తాబేలు గుడ్లు తిన్నారు. దొరికినచోట అమ్ముకున్నారు. మరొక వైపు, వలలో చిక్కిన తాబేలును దేవుడని దణ్ణంపెట్టి వదిలేసే ఆచారం ఉత్తర కోస్తాలో ఇప్పటికీ వున్నది. శ్రీకాకుళం జిల్లా శ్రీకూర్మంలో విష్ణువుకు కూర్మరూపంలోనే గుడి కట్టి పూజిస్తున్న ప్రాంతం ఇది. ఆ ఆచారానికి భక్తి ఒక్కటే కారణం కాకపోవచ్చు. బరువైన తాబేలు వలను చింపుతుంది. ఆ మాంసానికి ఇక్కడ పెద్ద గిరాకీ లేదు. చంపటంవల్ల లాభం లేనప్పుడు వదిలెయ్యటం పుణ్యమవుతుంది. ఏమైనా, కొయ్యదుంగలు కట్టిన తెప్పతో, నూలువలతో ఒక పాలెం తాబేళ్ళ జాతికి చెయ్యగలిగిన నష్టానికి ఒక హద్దు వుండేది.

ఆ హద్దును తెంచింది ఆకలి కాదు, సరుకు. దీనికి ఒరిస్సా చరిత్ర మంచి సాక్ష్యం. లక్షల తాబేళ్ళు ఒక్కసారి వచ్చి గుడ్లు పెట్టే గహిర్మఠ తీరం ఒకప్పుడు కనికా జమీందారీలో వుండేది. అక్కడి గుడ్ల మీద జమీందారు పన్ను తీసుకునేవాడు. గుడ్లు పడవలకొద్దీ ఎగుమతి అయ్యేవి. జమీందారీలు పోయాక అటవీశాఖ ఆ హక్కును తాను తీసుకుని 1970ల మధ్యదాకా లైసెన్సులు ఇచ్చింది. 1974లో బస్టర్డ్ అనే శాస్త్రజ్ఞుడు ఆ తీరం సంగతి ప్రపంచానికి చెప్పాక లైసెన్సులు ఆగినా, ఆ దశాబ్దం చివర పెద్ద తాబేళ్ళనే పట్టి కలకత్తా బజారుకు వేలకొద్దీ తరలించారు. మొదట రాజు పన్ను, తర్వాత సర్కారు లైసెన్సు, ఆ తర్వాత వర్తకుడి ధర. గుడ్డు ఇంటి కూడుగా వున్నంతకాలం తాబేలు జాతి నిలబడింది. అది ఖజానాకు ఆదాయంగా, బజారుకు సరుకుగా మారినాక నిలబడటం కష్టమైంది. నిన్నటిదాకా గుడ్డు మీద పన్ను తిన్న వ్యవస్థే నేడు గుడ్డు ముట్టినవాణ్ణి నేరస్థుడంటున్నదని మన విద్యార్థులు గమనించాలి.

4

ఇప్పుడు విశాఖ తీరానికి వద్దాం. మొదట ఇసుక సంగతి.

విశాఖపట్నం రేవును 1933 డిసెంబరులో వైస్రాయి విల్లింగ్డన్ ప్రారంభించాడు. మధ్య పరగణాల మాంగనీసు ఎగుమతి చెయ్యటానికి బ్రిటిష్ వారికి తూర్పుతీరంలో ఒక రేవు కావలసివచ్చింది. ఈ తీరంలో ఇసుక నిలకడగా వుండదు. నైరుతి కాలంలో కెరటాలు దాన్ని ఉత్తరంగా నెడతాయి. ఈశాన్య కాలంలో కొంత దక్షిణంగా తెస్తాయి. ఏడాది మొత్తంమీద ఉత్తరంగా పోయేదే ఎక్కువ. 1950లలో అమెరికన్ సముద్రశాస్త్రవేత్త లాఫాండ్ ఆంధ్ర విశ్వవిద్యాలయంలో వుండగా, ఇక్కడి పరిశోధకులు వాల్తేరు ఒడ్డున ఇసుక ఎలా పెరిగి ఎలా తరుగుతుందో కొలిచి చూశారు. ఉత్తరంగా నడిచే ఆ ఇసుకకు రేవు గోడలు అడ్డం. 1976లో బయటి రేవు తయారయ్యాక ఆ అడ్డం పెద్దదైంది. అప్పటినుంచి నగరపు ఒడ్డు కోతపడుతూ వుంటే, తవ్వితీసిన ఇసుకను గొట్టాలతో తెచ్చి ఒడ్డున పొయ్యటం రేవువారికి ఒక శాశ్వతమైన పని అయింది. ఉక్కునగరానికి రేవు అక్కర్లేదని ఎవరూ అనరు. కాని రేవు లాభాల లెక్కలో జాలరిపేట కోల్పోయిన ఒడ్డు ఖర్చుగా ఎక్కడా కనిపించదు. తాబేలు కోల్పోయిన ఒడ్డు సంగతి చెప్పనే అక్కర్లేదు.

రెండోది సముద్రం. 1953లో కేరళలో ఇండో-నార్వేజియన్ పథకం మొదలైంది. పేద జాలరుల బతుకు బాగుచెయ్యటం దాని ప్రకటిత ఆశయం. కాని కొద్దికాలంలోనే విదేశాల్లో రొయ్యకు ధర పలికింది. రొయ్య అడుగున వుంటుంది కనక అడుగును గోకిపోయే ట్రాల్ వలకు గిరాకీ వచ్చింది. జాలరి బతుకు కోసం తెచ్చిన యంత్రం ఎగుమతి డబ్బు కోసం పనిచెయ్యటం మొదలుపెట్టింది. 1970లకల్లా విశాఖలో చేపలరేవు వచ్చింది. 1980లలో పెద్ద రొయ్యల ట్రాలర్లకు దేశంలోనే విశాఖ ముఖ్యస్థావరమైంది. బోటు కొనటానికి కావలసిన పెట్టుబడి తెప్ప మనిషి దగ్గర లేదు. అతడు కలాసీగా బోటెక్కాడు. వలా ఇంజనూ మరొకరివి, ఇతనిది ఒళ్ళు.

ట్రాల్ వల ఒకసారి దింపితే గంటల తరబడి అడుగున ఈడుస్తారు. తాబేలు చేపలాగ నీళ్ళలో ఊపిరి తీసుకోలేదు. పైకి రాకుండా అంతసేపు బంధిస్తే మునిగి చస్తుంది. జనవరి నుంచి మార్చి దాకా మన తీరాన కొట్టుకొచ్చే తాబేళ్ళ శవాల కథ చాలావరకు ఇదే. 2025 జనవరిలో చెన్నై పరిసరాల్లో వందల శవాలు ఒడ్డుకు వచ్చినప్పుడు దేశమంతా ఉలిక్కిపడింది. తీరం మీద వుండేవాళ్ళకు అది కొత్త కాదు. వాళ్ళకు మరొక సంగతి కూడా తెలుసు. తాబేలును ముంచే ఆ వలే చేపపిల్లనూ ఊడ్చుకుపోతుంది. తెప్ప ఖాళీగా తిరిగివచ్చిన రోజుకూ, తాబేలు శవమై కొట్టుకొచ్చిన రోజుకూ కారణం ఒకటే.

దీనికి చట్టం లేదా? వున్నది. 1994 నాటి ఆంధ్రప్రదేశ్ సముద్ర వేట నియంత్రణ చట్టం కింద ఒడ్డునుంచి 8 కిలోమీటర్ల దాకా సంప్రదాయ పడవలకు వదలాలి. మరబోట్లు ఆ లోపలికి రాకూడదు. ఆ ఒక్క నియమాన్ని అమలుచేస్తే గుడ్లు పెట్టటానికి ఒడ్డుదగ్గర చేరే తాబేళ్ళలో చాలా భాగం బతుకుతాయి; తెప్పకూ చేప దొరుకుతుంది. కాని సముద్రం మీద గీత గియ్యటం తేలిక, కాపలా కష్టం. ఆ కాపలాకు కావలసిన పడవలు, మనుషులు ప్రభుత్వానికి ఎప్పుడూ దొరకరు. గీత నిలవనిచోట పేదవాడు పేదవాడితో తలపడతాడు. 2022 జనవరిలో రింగు వలల విషయంలో ఈ తీరపు పాలేల మధ్యే ఘర్షణలు జరిగాయి, పడవలు తగలబడ్డాయి, 144వ సెక్షన్ పెట్టారు. చేప తగ్గిపోయిన సముద్రంలో పొరుగువాడే శత్రువుగా కనిపిస్తాడు. చేపను తగ్గించినవాడు ఆ గొడవలో ఎక్కడా కనిపించడు.

మూడోది చీకటి. మాట చిత్రంగా వుండవచ్చు. కాని విహార వ్యాపారం మొదట హరించేది చీకటినే. ఒడ్డున వరసగా వెలిసిన హోటళ్ళ దీపాలు, రోడ్డు దీపాలు సముద్రంకంటే వెలుతురుగా వుంటాయి. పుట్టిన పిల్ల నీళ్ళవైపు పోవటం మాని రోడ్డువైపు పోతుంది. గుడ్లు పెట్టటానికి వచ్చిన తల్లి వెనక్కు మళ్ళుతుంది. 2020లో రుషికొండ తీరానికి బ్లూ ఫ్లాగ్ అనే అంతర్జాతీయ గుర్తింపు వచ్చింది. శుభ్రంగా వున్నదని మెచ్చుకున్నారు, శుభ్రత మంచిదే. అయితే ఎవరి కోసం శుభ్రం అనే ప్రశ్న మిగిలింది. 2023లో ఆ ఒడ్డు మీద అడుగుపెట్టటానికి రుసుము పెట్టాలని చూసి, జనం గోలపెట్టాక మానుకున్నారు. 2021లో కొండమీద పాత విశ్రాంతి గృహాలను పడగొట్టి, కొండను తొలిచి భవనాలు కట్టటం మొదలుపెడితే వ్యవహారం న్యాయస్థానాల దాకా పోయింది. తీరాన్ని కాపాడటానికి 1991లో పెట్టిన నియంత్రణ ఉత్తర్వు 2011లోనూ 2019లోనూ మారింది. జనం ఎక్కువగా వుండే గ్రామీణ తీరంలో కట్టడాలు నిషిద్ధమైన దూరం 200 మీటర్ల నుంచి 50 మీటర్లకు దిగింది. తాబేళ్ళు గుడ్లు పెట్టే చోట్లను అతిసున్నిత ప్రదేశాల కింద రాసిన ఉత్తర్వే ఈ దూరాన్ని కూడా తగ్గించింది. ఒక చేత్తో తాబేలుకు దణ్ణం, మరొక చేత్తో తీరానికి వేలం.

5

ఇన్ని జరిగాక తాబేలు తగ్గితే నేరం ఎవరిమీద పడింది? 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంలో సముద్రపు తాబేలు మొదటి షెడ్యూలులో వున్నది. దాన్ని చంపితే, గుడ్లు తీస్తే మూడు నుంచి ఏడేళ్ళ జైలు. చట్టం అవసరమే. కలకత్తా వర్తకాన్ని ఆపింది అలాంటి చట్టం, దాన్ని అమలుచేసిన నిఘా. కాని ఇసుకమీద గుడ్డు తీసినవాడు దొరికినంత సులువుగా సముద్రంలో వల ఈడ్చినవాడు దొరకడు. కొండను తొలిచినవాడు అసలే దొరకడు. సమానంగా రాసిన చట్టం అసమానంగా పడుతుంది.

ఈ పద్ధతి కొత్తది కాదు. యువకుడైన మార్క్సు 1842లో తన పత్రికలో రైన్ ప్రాంతపు కట్టెల దొంగతనం చట్టం మీద రాశాడు. అడవిలో రాలిన పుల్లలు ఏరుకోవటం పేదల పాత అలవాటు. దాన్ని చట్టం దొంగతనంగా మార్చింది. మన విశాఖ మన్యంలో 1882 మద్రాసు అడవి చట్టం వచ్చాక పోడు కొట్టుకునే కొండమనిషి సొంత అడవిలోనే దొంగ అయ్యాడు. 1922-24లో అల్లూరి సీతారామరాజు వెనక మన్యం కదలటానికి ఆ అన్యాయం ఒక ప్రధాన కారణం. కొండమీద అడవికి జరిగింది కొండకింద ఒడ్డుకు జరగకూడదు. ప్రకృతిని రక్షించే పేరుతో దానితో బతికేవాణ్ణి వెళ్ళగొడితే, ఆ ఖాళీలోకి వచ్చేది ప్రకృతి కాదు, కంట్రాక్టరు.

మరొక పెద్ద ఉదాహరణ ప్రపంచ వర్తకం నుంచి. ట్రాల్ వలకు తాబేలు బయటపడే ఇనుప చట్రం, తలుపు అమర్చవచ్చు. రొయ్యలు లోపలికి పోతాయి, తాబేలు చట్రానికి తగిలి బయటికి పోతుంది. అది లేకుండా పట్టిన రొయ్యలు కొనబోమని అమెరికా 1989లో చట్టం చేసింది. 1996లో దాన్ని మనమీద ప్రయోగించింది. ఇండియా, మలేషియా, పాకిస్తాన్, థాయిలాండ్ కలిసి ప్రపంచ వాణిజ్య సంస్థలో ఫిర్యాదు చేశాయి. 1998లో తీర్పు వచ్చింది: తాబేలును కాపాడాలనుకోవటం తప్పు కాదు, కాని కొన్ని దేశాలకు గడువూ సాయమూ ఇచ్చి కొన్నింటికి ఇవ్వకపోవటం పక్షపాతం. ఆ తీర్పును మన పాలకులు విజయమని చెప్పుకున్నారు. ఇంట్లో మాత్రం ఆ చట్రాన్ని బోట్లకు అమర్చే పని సాగలేదు. కొచ్చిలోని కేంద్ర మత్స్య సాంకేతిక సంస్థ మన బోట్లకు తగిన నమూనా తయారుచేసినా, చట్రంవల్ల పోయే కాస్త రొయ్యకు బోటువాడికి ఎవరు పరిహారం ఇస్తారన్న ప్రశ్నకు జవాబు దొరకలేదు. 2019లో అమెరికా మళ్ళీ మన సముద్రపు రొయ్యలను నిషేధించింది. చెరువు రొయ్యల ఎగుమతి సాగుతూనే వున్నది. దెబ్బ తగిలింది సముద్రం మీద వేటచేసే బోట్లకు. ఆ బోట్లమీద వాటాకు పనిచేసే కలాసీకి.

వేట నిషేధం సంగతి కూడా చూడాలి. తూర్పుతీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మరబోట్లూ ఇంజను పడవలూ వేటకు పోకూడదు. 2015కు ముందు ఇది 47 రోజులు. ఇది చేపలు గుడ్లుపెట్టే కాలం కోసం పెట్టిన నియమం. తాబేళ్ళు ఒడ్డుకు వచ్చే కాలం అప్పటికి దాదాపు ముగిసిపోతుంది. ఆ రోజులకు ఆంధ్రలో కుటుంబానికి ఇచ్చే భృతి 2019లో 4,000 నుంచి 10,000 రూపాయలకూ, 2025లో 20,000కూ పెరిగింది. లెక్కవేస్తే రోజుకు సుమారు 328 రూపాయలు. ఇది చాలదు, కాని ఇందులో ఒక సూత్రం అంగీకరించబడింది. సముద్రం విశ్రాంతి తీసుకుంటే ఆ విశ్రాంతి ఖర్చు జాలరి ఒక్కడే భరించకూడదు, సమాజం భరించాలి. చేపకు ఒప్పుకున్న ఈ సూత్రాన్ని తాబేలుకు ఎందుకు ఒప్పుకోరు?

6

జీవనోపాధితో ముడిపెట్టినచోట తాబేలు రక్షణ ఎలా జరిగిందో ఇతర దేశాల అనుభవం చెపుతున్నది. బ్రెజిల్‌లో 1980లో మొదలైన టమార్ పథకం అంతకుముందు గుడ్లు ఏరి అమ్ముకున్న పల్లెకారులనే జీతమిచ్చి కాపలాకు పెట్టింది. ఏ తిన్నెమీద ఎప్పుడు తాబేలు ఎక్కుతుందో వాళ్ళకంటే తెలిసినవాళ్ళు లేరు. కోస్టారికాలో ఒస్తియోనాల్ గ్రామం మరొక దారి పట్టింది. అక్కడ లక్షల తాబేళ్ళు ఒక్కసారి ఎక్కినప్పుడు మొదట పెట్టిన గుడ్లను తర్వాత వచ్చినవి తవ్వి పాడుచేస్తాయి. అలా ఎలాగూ పోయే గుడ్లను మొదటి రోజుల్లో గ్రామ సంఘం తీసుకోవటానికి 1987లో చట్టం ఒప్పుకున్నది. అందుకు బదులు గ్రామం ఒడ్డును శుభ్రంచేసి, దొంగలనుంచి కాపాడుతుంది. విడివిడిగా పెట్టే మన తీరంలో గుడ్లు తీసుకోవటం కుదరదు. నేర్చుకోవలసింది గుడ్లు తియ్యటం కాదు. హక్కూ బాధ్యతా ఒకే చేతిలో వుండటం.

అంత దూరం పోనక్కర్లేదు. ఒరిస్సాలో గంజాం తీరాన రుషికుల్య నది సముద్రంలో కలిసేచోట తాబేళ్ళు లక్షల్లో ఎక్కుతాయి; 2023లోనూ 2025లోనూ ఆరు లక్షలు దాటాయి. ఆ చోటును శాస్త్రజ్ఞులు 1994లో కనుగొన్నారని పుస్తకాలు చెపుతాయి. కాని ఆ పక్కనే వున్న పల్లెలవాళ్ళు అది అంతకుముందే చూశారు. ఆ తీరంలో వేటచేసే నోలియాలు చాలామంది తెలుగు మాట్లాడేవాళ్ళు, మనవాళ్ళే. పురుణబంధ మొదలైన గ్రామాల యువకులు సంఘంగా ఏర్పడి దీపాలు తగ్గించటం, దారితప్పిన పిల్లలను నీళ్ళలో వదలటం, కుక్కల్ని తరమటం తమ పనిగా పెట్టుకున్నారు. ఆ చోటు నిలబడటంలో వాళ్ళ రాత్రులు వున్నాయి. అయితే అదే తీరంలో నవంబరు 1 నుంచి మే 31 దాకా ఏడు నెలలు 20 కిలోమీటర్ల లోపల వేట నిషేధం కూడా వున్నది. ఏడాదిలో సగానికి మించిన కాలం. భృతి కొంత ఇస్తున్నా అది ఏడు నెలల వేటకు సరితూగదు. తాబేలు వేలసంఖ్యలో ఎక్కినప్పుడు దేశమంతా బొమ్మలు చూసి మురిసిపోతుంది. ఆ బొమ్మలో లేనివాడు తెప్ప ఒడ్డున బోర్లించి కూర్చున్నవాడు.

మన విశాఖలో కూడా ఈ ప్రయత్నం లేకపోలేదు. వి.యస్.పి.సి.ఎ. అనే జంతు సంరక్షణ సంస్థ, అటవీశాఖ, 2002లో చెన్నైలో పుట్టిన ట్రీ ఫౌండేషన్ పాలేల యువకులను కాపలాకు తీసుకున్నాయి. వీళ్ళు రాత్రుళ్ళు ఒడ్డు వెంబడి నడిచి, తాబేలు పాకిన జాడ చూసి, గుడ్లను జాగ్రత్తగా తీసి, సాగర్‌నగర్, జోడుగుళ్ళపాలెం వంటి చోట్ల కంచెవేసిన పొదుగుడు శాలల్లో మళ్ళీ ఇసుకలో పూడుస్తారు. పిల్లలు పుట్టాక సముద్రంలో వదులుతారు. వదిలేరోజు అధికారులు వస్తారు, విద్యార్థులు వస్తారు, పత్రికలవాళ్ళు వస్తారు. అది మంచిదే. కాని అంతకుముందు నెలల తరబడి నిద్రమానుకుని ఒడ్డు కాచిన మనిషిది కొన్ని నెలల తాత్కాలికపు పని. సీజను అయిపోతే అతడి జీతం అయిపోతుంది. జాడ చూసి గూడు ఎక్కడున్నదో చెప్పగల జ్ఞానం తరతరాలుగా ఒడ్డున బతికి సంపాదించినది. దాన్ని నైపుణ్యంగా లెక్కకట్టకుండా కూలిగా లెక్కకట్టటంలోనే మన వర్గవ్యవస్థ వున్నది.

7

ఇంతకీ తేలిందేమిటి? జాలరి, తాబేలు శత్రువులు కారు. ఒకే ఒడ్డునుంచి ఒకే శక్తులు వాళ్ళిద్దర్నీ వెళ్ళగొడుతున్నాయి. కాబట్టి తాబేలు రక్షణ అనేది జీవకారుణ్యం కింద చేరే విషయం కాదు. అది తీరం మీద ఎవరికి హక్కు, ఎవరి పనికి ఎంత విలువ అనే ప్రశ్న.

దీనినుంచి మనం అడగవలసినవి స్పష్టంగానే వున్నాయి. 8 కిలోమీటర్ల గీతను కాగితం మీదనుంచి సముద్రం మీదికి దించాలి; ఆ కాపలాలో పాలేలవాళ్ళకు అధికారం వుండాలి. ట్రాల్ వల చట్రానికయ్యే ఖర్చూ, దానివల్ల పోయే రాబడీ ఎగుమతి లాభాలనుంచి రావాలి, కలాసీ వాటాలోనుంచి కాదు. జనవరి నుంచి మార్చి దాకా గుడ్లు పెట్టే చోట్ల వేట తగ్గించవలసివస్తే ఆ రోజులకు ముందుగానే భృతి ఇవ్వాలి. ఒడ్డు కాపలా ఏడాది పొడుగునా జీతమున్న ఉద్యోగం కావాలి. వలలు ఆరబెట్టే ఇసుక, చేపలెండబెట్టే ఇసుక గ్రామాల ఉమ్మడి హక్కుగా నమోదు కావాలి. చేపలెండబెట్టి గంపకెత్తి అమ్మే ఆడవాళ్ళ పేర్లు ఆ నమోదులో వుండాలి. వాళ్ళ పని చాలా లెక్కల్లో కనిపించదు. ఒడ్డున దీపాలు తాబేళ్ళ కాలంలో ఆర్పాలన్న నియమం ముందు హోటళ్ళకు వర్తించాలి, తర్వాతే పాలెంలో వీధిదీపానికి.

ఒక ఇబ్బంది మిగులుతుంది, దాన్ని దాటవెయ్యకూడదు. ట్రాల్ బోటు మీద పనిచేసేవాడు కూడా శ్రామికుడే. తెప్పనుంచి బోటెక్కినవాడే. ట్రాల్ వల మీద కట్టడి పెట్టమంటే అతని కూడు మీద కట్టడి పెట్టమన్నట్టు వినపడుతుంది. ఈ సందేహానికి నినాదంతో జవాబు చెప్పటం తగదు. బోటు యజమానికీ కలాసీకీ మధ్యనున్న భేదాన్ని అడ్డంపెట్టుకుని తెప్పవాణ్ణీ కలాసీనీ ఒకరిమీదికి ఒకరిని తోలటం పాత ఎత్తుగడ. మన సంఘాలు కలాసీల వేతనం గురించి అడిగినంత గట్టిగా, వాళ్ళు వల వేసే సముద్రం ఇంకా ఎన్నాళ్ళు చేపనిస్తుందో అడగలేదు. ఉత్పత్తి సాధనాలు ఎవరివని అడగటం మనకు అలవాటే. సముద్రం కూడా ఒక ఉత్పత్తి సాధనమని, అది అరిగిపోతుందని ఒప్పుకోవటానికి ఆలస్యం చేశాం. ఆ తప్పు మనది.

తాబేలు పదేళ్ళకు పైగా సముద్రంలో తిరిగి గుడ్లు పెట్టటానికి ఒడ్డుకు వస్తుంది. ఈ ఏడు రుషికొండ ఇసుకలోనుంచి సముద్రం చేరిన పిల్ల గుడ్లు పెట్టటానికి తిరిగివచ్చేనాటికి నేటి మన విద్యార్థులు నడివయసులో వుంటారు. అప్పటికి ఈ తీరాన ఇసుక వుంటుందా, ఇసుకమీద తెప్ప వుంటుందా అన్నది తాబేలు చేతిలో లేదు. ఒక్క జాలరి చేతిలోనూ లేదు. అది ఆ తీరంకోసం నిలబడేవాళ్ళు ఎంతమంది అవుతారన్న దాన్నిబట్టి వుంటుంది. జాలరిపేటలో జరిగే సభలో తాబేలు మాట కూడా వినపడాలి. తాబేళ్ళను వదిలే వేడుకలో జాలరి జీతం మాట కూడా వినపడాలి. ఆ రెండు మాటలూ ఒకేచోట పలికించటం మనం చెయ్యగల పని, చెయ్యవలసిన పని.